‘అబ్బా’ అనాల్సిన చోట

ఫిబ్రవరి 9

ఇవాళ మట్టలు నాటాం. కోసిన జెముడు మట్టల్ని పాక నీడలో ఆరబెట్టి, కోత పడ్డ చోట పచ్చి ఆరి పొక్కు కట్టాకే మట్టిలో పెట్టాలి. పచ్చి గాయంతో పెడితే కుళ్ళిపోతుంది. ఆయనకు ఏటా తొందరే, అత్తయ్య ఏటా తిట్టడమే. “గాయం ఆరనివ్వరా, ఏం ముంచుకొచ్చింది?” అంటే ఆయన నా వైపు చూసి కన్ను కొట్టారు.

మాది కూరొండుకుని తినే రకం. ముళ్ళుండవని అమ్మేవాళ్ళు గొప్పగా చెబుతారు కానీ నూగుముళ్ళ సంగతి ఎత్తరు. మట్ట మీద చుక్కచుక్కకీ ఓ కుచ్చు, వెంట్రుక కంటే సన్నం, ముట్టుకుంటే చాలు చేతికి దిగబడతాయి. అందుకే భోజనాలవగానే వసారాలో దీపం కింద చేరి ఒకరి చేతులు ఒకరికి అప్పగించడం మా ఇంటి అలవాటు. ఆయన చేతివి నేను చిన్న చిమటాతో లాగుతాను. అత్తయ్యవి ఆయన, నావి అత్తయ్య. గుండుసూది భూతద్దం పట్టుకుంటుంది. మా పిల్ల ఒళ్ళు సన్నం, జుట్టు ఎక్కువ, అందుకే ఆ పేరు. ఎవరు గట్టిగా అరిచారో తీర్పు చెప్పేది కూడా అదే.

“నాన్న ఫస్ట్. నానమ్మ అసలు అరవలేదు, సున్నా.”

ఇవాళ నాకూ సున్నాయే. ఎడమచేతి అంచున, చిటికెన వేలి కింద, అత్తయ్య వరసపెట్టి తీస్తూనే ఉంది. “ఇన్ని దిగితే తెలీలేదటే నీకు?” అంది. “మీ ఇంటికొచ్చి మొద్దుబారిపోయాను లెండి” అన్నాను. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను.

నిజంగానే తెలీలేదు.

ఫిబ్రవరి 10

చేతి మీద తలపెట్టి పడుకుని ఉంటాను. తిమ్మిరి, అంతే.

ఫిబ్రవరి 23

వంటింట్లో ఏదో కమురు వాసన వస్తోందేమిటా అని చుట్టూ వెతికాను. కాలుతున్నది నా వేలు. పెనానికి ఆనుకుని ఉంది.

పని చేసే చేతులు కదా, తోలు బండబారుతుంది. అత్తయ్య చేతులు చూస్తే చెక్కలే. కానీ అత్తయ్యవి రెండు చేతులూ బండబారాయి. నాకు ఎడమదొక్కటే, అందులోనూ చివరి రెండు వేళ్ళే. వద్దు, ఇవాళ్టికి చాలు. పొయ్యి మీద పాలున్నాయి.

మార్చి 4

పాక తలుపు వేసుకుని చూసుకున్నాను. మోచేతి కింద ఓ మచ్చ. ఎండకొచ్చిందనుకుని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. రంగు పాలిపోయి, అంచు కాస్త ఎర్రగా ఉంది. చేయంతా చెమట పట్టినా అక్కడ పొడిగానే ఉంది. ఓ తుమ్మముల్లు తీసుకుని పక్కన గుచ్చుకుంటే ప్రాణం లేచొచ్చింది. మచ్చలో గుచ్చాను. బట్టకి గుచ్చినట్టుంది.

పెద్దమ్మకి ఇలాగే మొదలైంది.

ఆ జబ్బు పేరు ఇక్కడ రాయను. పెద్దమ్మని వెనక గదిలో పెట్టారు. కంచానికీ గ్లాసుకీ అడుగున రంగు పూసి గుర్తు పెట్టారు. తలుపు తీసే ఉండేది, గడప మాత్రం ఎవరూ దాటేవాళ్ళు కారు. పెద్దమ్మ కూతురు గుమ్మం బయట నిలబడి బడి పద్యాలు అప్పజెప్పేది. లోపల్నించి “బాగా చెప్పావే తల్లీ” అని వినపడేది. ఆ పిల్లకి జ్వరమొస్తే కూడా పెద్దమ్మ లోపల్నించే ‘నీళ్ళు తాగించండి, నీళ్ళు తాగించండి’ అని అరుస్తూ ఉండేది.

చేయి పోతుందని కాదు నా భయం. చేయి పోతే పోయింది. గుండుసూదిని నా ఒళ్ళోంచి లాగేస్తారు. ఎవరికీ చెప్పను.

మార్చి 11

అరవడం నేర్చుకున్నాను.

చిమటా వంక చూస్తే అనుమానపడుతుందని పిల్ల వంక చూస్తూ కూచుంటాను. ముల్లు దొరకబుచ్చుకునే ముందు అత్తయ్య ఊపిరి బిగపడుతుంది. ఆ ఊపిరి ఆగడం వినపడగానే ‘అబ్బా’ అంటాను. మరీ గట్టిగా అంటే బాగోదు, మూడు నాలుగింటికోసారి మాత్రం పళ్ళు కొరుకుతాను.

“ఇవాళ అమ్మ ఫస్ట్!” అంది గుండుసూది. ఆయన చప్పట్లు కొట్టారు.

మార్చి 20

నా తువ్వాలు వేరు చేశాను. పిల్లకి కుడిచేత్తోనే నీళ్ళు పోస్తున్నాను. ఇవాళ నా కంచంలోంచి ముక్క తీసుకోబోయింది, కసిరాను. మొహం చిన్నబుచ్చుకుని వాళ్ళ నానమ్మ వెనక్కి పోయింది. దానివైపు వీపు పెట్టి పడుకుంటుంటే వెనక నుంచి జడ పట్టుకుని లాగుతుంది, “ఇటు తిరుగమ్మా” అని.

వాళ్ళు చేస్తారని భయపడి చచ్చిన పని నేనే చేస్తున్నాను. అయినా ఇంకేం చేయను? దానికి అంటితే?

మార్చి 21

దానికి అంటితే.

ఏప్రిల్ 8

కొత్త చిగుళ్ళు వచ్చాయి. అరచేయంత అయ్యాక కోస్తాం. పొద్దున్నే కోసిన మట్ట పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక అదే మొక్క మట్ట చప్పన. మా మట్టలు కొనే హోటలు మాస్టరుకి పుల్లటివే కావాలి, అందుకని తెల్లారీ తెల్లారకుండా అందరం చేల్లో ఉంటున్నాం.

చేతికి తొడుగులు వేసుకున్నాను. “దొరసానమ్మ దిగింది” అని మాస్టరు కూడా ఎగతాళి చేశాడు. చేయనీ. కానీ తొడుగులోకి దూరిన ముళ్ళు రోజంతా లోపలే నలుగుతున్నాయి. విప్పి చూస్తే అరచేయి అంచంతా ఎర్రటి పుళ్ళు. అత్తయ్య అడిగితే తొడుగు రాపిడి అన్నాను. వాటిని చూస్తుంటే వేరెవరి చేయో చూస్తున్నట్టు భయమేస్తోంది.

ఏప్రిల్ 19

ఊరికే భయపడుతున్నానేమో. ఇవాళ కత్తి జారితే కాస్త తెలిసినట్టే అనిపించింది.

రక్తం చూశాక అనిపించింది. ముందు కాదు.

మే 6

పురుగు కాలం వచ్చింది. ముళ్ళు లేని రకానికి ఉన్నట్టుండి ఓ ముల్లు మొలిచిందంటే అది ముల్లు కాదు, చిమ్మట గుడ్లు. ఒకదాని మీద ఒకటి పేర్చి అచ్చం ముల్లులా అంటిస్తుంది. అవి పగిలితే పురుగులు మట్టలోకి తొలుచుకుపోయి లోపలంతా డొల్ల చేసి పెడతాయి. కళ్ళతో చూస్తే మోసపోతాం. మా అత్తయ్య పద్ధతి ఏమిటంటే రెండు ఉత్త అరచేతుల మధ్యా మట్టని పట్టుకుని కిందినుంచి పైకి నిమురుకుంటూ పోవడం. కుడిచేయి ముందు వైపు, ఎడమచేయి వెనక వైపు. నిజం ముల్లు ఎక్కడైనా ఉంటే ఎదురు తిరుగుతుంది, గుడ్లు అరచేతి అంచు కింద మెత్తగా నలుగుతాయి. నలిపేసి ముందుకు పోవాలి.

నాకు బావివైపు వరస ఇచ్చారు. అది బాగా కాసే వరస. ఎండ ముదిరేదాకా నిమురుతూనే ఉన్నాను. కుడిచేతికి గుడ్లు దొరికాయి. ఎడమచేతికి ఒక్కటీ దొరకలేదు.

లేకే దొరకలేదేమో. వంగి వంగి చూడబోతే ఆయన “ఏమే, మట్టలకి దిష్టి తీస్తున్నావా?” అని అరిచారు. అందరిలాగే చేసుకుంటూ పోయాను.

మే 7

నాకు తెలుసు. ఆ వరస వెనకవైపు నేను చూడలేదు. రేపు ఎవరూ లేనప్పుడు వెళ్ళి కళ్ళతో చూస్తాను.

మే 8

ఆయన అక్కడే కాలవ తీస్తున్నారు. కుదరలేదు.

మే 15

పిల్ల చెంప మీద చిన్న తెల్లమచ్చ.

మే 16

ఎండకి. బడిలో పిల్లలందరికీ ఉంటాయిలాంటివి.

మే 18

అది నిద్రపోతుంటే చీపురుపుల్ల కొసతో చెంప మీద రాశాను. కదల్లేదు. మళ్ళీ రాశాను. కదల్లేదు. నిద్రలో పిల్లలకి తెలీదు కదా? మధ్యాహ్నం ఎంత మొద్దు నిద్రో కదా? రెండో చెంప మీద రాసి చూద్దామనుకున్నాను. దానిక్కూడా కదలకపోతే నిద్ర వల్లేనని తేలుతుంది. కానీ అక్కడ కదిలితే? పుల్ల పారేసి వచ్చేశాను.

జూన్ 14

బావివైపు వరస కూలిపోయింది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న మట్టలు ఇవాళ పసుపు పచ్చగా జావకారుతున్నాయి. ఆయన ఒకటి చీల్చారు. లోపల నారింజరంగు పురుగులు బిలబిలమని. వరసంతా కోసి తగలబెట్టాం. ఆ పొగకి కళ్ళు మండుతున్నాయని అందరితోపాటు నేనూ ఏడ్చాను.

అత్తయ్య మాత్రం ఒక్కో మట్టా తగలబెట్టే ముందు అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఈ వరస ఎవరు చూశారే?”

“నేనే.”

“ముందు వైపంతా శుభ్రంగా నలిపావు. వెనక వైపు ఒక్కటీ ముట్టుకోలేదు. పురుగులన్నీ వెనకనుంచే దూరాయి.”

నేనింకో మట్ట ఎత్తి మంటలో వేశాను. ఆవిడ నా ఎడమచేయి వంక చూసింది.

సాయంత్రం వసారాలో చేరాం. గుండుసూది భూతద్దం పట్టుకుంది. నేను దాని చెంప వంక చూస్తూ చేయి అత్తయ్యకిచ్చాను. ఊపిరి బిగపట్టడం వినపడింది. “అబ్బా” అన్నాను. మళ్ళీ బిగపట్టింది. “అబ్బా” అన్నాను. మూడోసారీ అంతే.

తల తిప్పి చూస్తే చిమటా ఆవిడ ఒళ్ళో ఉంది. ఆవిడ చేతిలో లేదు.

ఆయన ఆవులిస్తున్నారు, చూడలేదు. అత్తయ్య నా చేయి మెల్లగా నా ఒళ్ళో పెట్టింది. లేచి, “పదవే, ఇవాళ నా దగ్గర పడుకుందువు గాని” అని గుండుసూది చేయి పట్టుకుని తన గదిలోకి తీసుకుపోయింది. తలుపు దగ్గరకి వేసింది.

అయిపోయింది. నేననుకున్నట్టే అయింది.

జూన్ 15

పొద్దున్న పాకలో నిలదీశాను. నాకు భయం కంటే కోపం ఎక్కువొచ్చింది. “నా పిల్లని ఎందుకు తీసుకుపోయారు?” అన్నాను.

“భయమేసి తీసుకుపోయాను” అంది. అంత సూటిగా అంటుందనుకోలేదు. “నాకు భయం ఉండకూడదా? నువ్వొక్కదానివే భయపడాలా? చేయి ఇన్నాళ్ళు దాచిపెట్టావు, పిల్లని పక్కలో వేసుకున్నావు, ఒక్క మాట నోరు విప్పి చెప్పలేకపోయావా?”

“చెబితే ఏం చేసేవాళ్ళు? వెనక గదిలో పెట్టేవాళ్ళు.”

“మనింట్లో వెనక గదెక్కడుందే? ఉన్నవి రెండు గదులు, ఓ పాక.”

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆవిడ దగ్గరికి రాలేదు. దూరంగానే నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది. “రేపు పొద్దున్న బస్సుకి పద. వాడికి నేను చెప్తాను” అని వెళ్ళిపోయింది.

ఇవాళ కూడా పిల్ల అక్కడే పడుకుంటుందట.

జూన్ 16

అత్తయ్య బస్సులో నా పక్కన కూచోలేదు. వెనక సీటులో కూచుంది. దిగేటప్పుడు మాత్రం నా సంచీ తీసుకుంది.

డాక్టరమ్మ నా కంటే చిన్నది. మచ్చ మీద దూదిపోగు రాసింది, మోచేతి లోపల నరం పట్టుకుని చూసింది. తాడులా ఉబ్బి ఉందట. అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా ఆ పేరు చెప్పేసింది. కుష్ఠు. సరే, రాశాను.

“మాత్రలున్నాయి. ఏడాది మింగాలి, ఒక్క రోజు మానకూడదు. తగ్గిపోతుంది” అంది.

“చేయి?”

“జబ్బు తగ్గుతుంది. నరానికి వాపు తగ్గేందుకు వేరే మందిస్తాను. స్పర్శ కొంత రావచ్చు, రాకపోవచ్చు. ఇంకా ముందు రావాల్సింది.”

అత్తయ్య అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉంది. “కంచాలు వేరు పెట్టాలా?” అని అడిగేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

“ఏం అక్కర్లేదమ్మా. మాత్రలు మొదలుపెట్టాక ఆవిడ నుంచి ఎవరికీ రాదు. ఇంట్లో అందరినీ ఓసారి తీసుకురండి, చూడాలి.”

“పిల్లని కూడా?” నేనడిగాను.

“పిల్లనే ముందు.”

తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య నా పక్కనే కూచుంది. నాకు మాత్రం ఆ చెంప మచ్చ తప్ప కిటికీలోంచి ఇంకేం కనపడలేదు.

జూన్ 17

అత్తయ్య ఆయనకి చెప్పింది. చేల్లోనే ఉండిపోయారు. భోజనం అక్కడికే పట్టుకెళ్ళి ఇచ్చింది అత్తయ్య.

సాయంత్రం నేను వసారాలోకి పోలేదు. వంటింట్లో గిన్నెలు సర్దుతూ నిలబడ్డాను. ఆయనే వచ్చి గుమ్మంలో చిమటా చాచారు. “ఏం, నా ముళ్ళు ఎవరు తీస్తారనుకున్నావు? రా” అన్నారు. కుడిచేత్తో తీశాను. మధ్యలో, “నాకు చెప్పలేకపోయావు కదూ” అన్నారు, తల ఎత్తకుండా. ఆ మాటకి ఏడుపు ఆగలేదు నాకు. ఆయన అరవనే లేదు. గుండుసూది ఆయనకి సున్నా ఇచ్చింది.

జూన్ 18, 19

చెంప. చెంప. చెంప.

జూన్ 20

గుండుసూదిని బల్ల మీద కూచోబెట్టారు. డాక్టరమ్మ, “కళ్ళు మూసుకో. నేను దూదితో ఎక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టు. ఆట” అంది. మోకాలి మీద రాసింది, పెట్టింది. భుజం మీద రాసింది, పెట్టింది. నుదురు, పెట్టింది. నేను ఆయన చొక్కా పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత దూదిపోగు చెంప దగ్గరికి తీసుకుపోయి ఆపింది. ఇంకా ముట్టుకోలేదు. పిల్ల కదలకుండా కూచుంది. అప్పుడు మచ్చ మీద, సరిగ్గా మధ్యలో, రాసింది.

పిల్ల కిలకిలా నవ్వేసి భుజంతో చెంప రుద్దుకుంది. “గిలిగా ఉంది!”

“ఇది ఉత్త పొడిమచ్చ. కాస్త నూనె రాయండి” అంది డాక్టరమ్మ.

నేను నేలమీద కూలబడ్డాను. ఎవరో వెనకనుంచి చంకల కింద చేతులు వేసి లేవదీశారు. ఆయననుకున్నాను, అత్తయ్య. నా ఎడమచేయి గట్టిగా పట్టుకుని బయటిదాకా నడిపించింది. పట్టుకుందని కళ్ళతో చూసి తెలుసుకున్నాను.

ఆయనకీ అత్తయ్యకీ కూడా ఏమీ లేదట. ఇవాళ గుండుసూది నా దగ్గరే. దానివైపే తిరిగి పడుకున్నాను. జడ లాగే పని లేకపోయేసరికి ముక్కు లాగింది.

జులై 22

మాత్రలకి ఒంటికెళ్తే ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు. అయినా గుండె గుభేలుమంది. ఒళ్ళు కూడా నల్లబడుతోంది. ఎండ అని చెబుతున్నాను అడిగినవాళ్ళకి.

వానలు. జెముడుకి నీళ్ళు నిలవకూడదు. రోజంతా కాలవలు తియ్యడమే.

సెప్టెంబరు 3

మాస్టరు ఈ మధ్య రావడం లేదు. ఎవరైనా చెప్పారా? అత్తయ్యని అడిగితే, “వాడి పెళ్ళాం పురిటికెళ్ళిందిట, హోటలు మూసుకున్నాడు. లోకమంతా నీ చేతి గురించే మాట్లాడుకుంటోందనుకోకు” అంది.

అయినా వాడొచ్చేదాకా నాకు భయమే.

సెప్టెంబరు 11

వచ్చాడు. పాపాయి పుట్టిందని గోల.

నవంబరు 2

ఎర్ర కాయలు కోస్తున్నాం. కాయలకే ముళ్ళెక్కువ. నా ఎడమచేతికి అత్తయ్య మందపాటి గుడ్డ చుడుతోంది, విప్పాక వేలువేలూ భూతద్దంతో చూస్తోంది. తెలీకుండా దెబ్బలు తగిలితే వేళ్ళు పోతాయని డాక్టరమ్మ బెదిరించింది లెండి. నేను అరవను. అరవాల్సినచోట “ఏమీ లేదు” అంటాను. అత్తయ్య “ఊఁ” అంటుంది. ఆ “ఊఁ” వినడం ‘అబ్బా’ కంటే కష్టంగా ఉంది.

డిసెంబరు 19

ఏమీ లేదు.

జనవరి 7

ఏమీ లేదు. చలికి అందరి వేళ్ళూ మొద్దుబారాయి, ఈ నెల మాత్రం నేను అందరితో సమానం.

ఫిబ్రవరి 12

తగలబెట్టిన బావివైపు వరసలో ఇవాళ కొత్త మట్టలు నాటాం. ఆయన ఈసారి తొందరపడలేదు. ప్రతి గాయం మీదా పొక్కు కట్టిందో లేదో అడిగి అడిగి చంపారు.

సాయంత్రం అత్తయ్య లోపల పాలు కాస్తోంది, ఆయన కాళ్ళు కడుక్కుంటున్నారు. గుండుసూది చిమటా తీసుకుని నా ముందు బాసింపట్టు వేసుకుంది. “నేను డాక్టర్ని. కళ్ళు మూసుకోమ్మా.”

మూసుకున్నాను. ఊరికే ఆట కదా అనుకున్నాను.

“ఎక్కడ?”

“కుడిచేయి, బొటనవేలు.”

“కరెక్ట్. ఇప్పుడు?”

ఏమీ లేదు. ఎదురుచూశాను. ఏమీ లేదు. పిల్ల ఊపిరి బిగబట్టింది, అచ్చం వాళ్ళ నానమ్మలాగే. పాత అలవాటు కొద్దీ ‘అబ్బా’ నోటిదాకా వచ్చింది. మింగేశాను.

“ఎక్కడా తెలీలేదే” అన్నాను.

“నేనింకా ముట్టుకోలేదుగా!” అని పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను, అంతలో ఎడమచేతి ఉంగరం వేలి పక్కన ఎవరో నిప్పురవ్వ పెట్టినట్టయింది.

“అబ్బా!”

చేయి లాక్కున్నాను. చేయి లాక్కున్నాను నేను. కళ్ళు తెరిస్తే పిల్ల చిమటా పట్టుకుని బిత్తరపోయి చూస్తోంది. “ముల్లు ఉందమ్మా అక్కడ, తీద్దామని” అంది.

లోపల్నించి అత్తయ్య, “ఏమిటే ఆ గావుకేక? మళ్ళీ మొదలుపెట్టావా నాటకం?”

“నాటకం కాదత్తయ్యా. నొప్పి.”

గిన్నె దించిన చప్పుడైంది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి పిల్ల చేతిలోంచి చిమటా లాక్కుంది. నా ఎడమచేయి దీపం కిందికి తిప్పింది. చిటికెన వేలి మీద గుచ్చింది, ఏమీ లేదు. మచ్చలో గుచ్చింది, ఏమీ లేదు. ఉంగరం వేలి పక్కన ముల్లు కొస అలాగే ఉంది. దాన్ని పట్టుకుంది.

“ఏదీ, ఇప్పుడు అరవవే” అంది.

ఊపిరి బిగపట్టలేదు ఆవిడ. ఎప్పుడు లాగుతుందో నాకు తెలీలేదు.

అరిచాను.